ప్రాసెసర్ మార్చాక డెస్క్‌టాప్ వేడెక్కుతుంటే: విశాఖ గదుల్లో కారణం పట్టుకుని సరిచేయడం ఎలా?

పాత ప్రాసెసర్ తీసి కొత్తది వేయించుకున్న కొద్ది రోజులకే ఉష్ణోగ్రత 90 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం, ఫ్యాన్ హోరెత్తడం, ఆట మధ్యలో వేగం పడిపోవడం చాలామందికి ఎదురయ్యే ఇబ్బందే. ఆ అంకె కనబడగానే పెద్ద కూలర్ కొనడానికి ద్వారకానగర్ బయలుదేరేవారే ఎక్కువ. కాని ఆ ఖర్చు చాలాసార్లు అవసరం ఉండదు. ప్రాసెసర్ వేడెక్కడానికి మూలకారణాలు రెండే. అది ఉండవలసిన దానికంటే ఎక్కువ కరెంటు వాడుకుంటూ ఉండాలి, లేదా పుట్టిన వేడి బయటికి పోయే దారిలో ఎక్కడో అడ్డు ఉండాలి. మొదటిది బయాస్‌లో (మదర్‌బోర్డు సొంత అమరికలు ఉండే తెరలో) సరిచేసేది, అందుకు పైసా ఖర్చు లేదు. రెండవది స్క్రూడ్రైవర్‌తోనో, చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్‌తోనో, ఒక్కోసారి కేబినెట్‌ను కంప్యూటర్ టేబుల్ అరలోంచి బయటికి లాగడంతోనో తీరిపోతుంది. మీ యంత్రంలో ఉన్నది వీటిలో ఏదో తేల్చుకున్న తరువాతే చేయి పెట్టాలి. ఆ తేల్చుకునే పద్ధతికే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

మాట తేలికగా సాగడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. బీ450 మదర్‌బోర్డు మీద ఏఎండీ వారి రైజెన్ 5 2600 నడుస్తూ ఉండేది. దాని స్థానంలో రైజెన్ 7 5800ఎక్స్ వేశారు. పాత చిప్ పెట్టెలో వచ్చిన రేత్ స్టెల్త్ కూలర్‌నే కొత్తదాని మీద బిగించారు, ఎందుకంటే 5800ఎక్స్ పెట్టెలో కూలర్ రాదు. మన ఊళ్లో ఇలాంటి అప్‌గ్రేడ్లు చాలానే జరుగుతుంటాయి. మీది ఇంటెల్ యంత్రమైనా పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మారతాయి.

గది ఉష్ణోగ్రతతో మొదలుపెట్టండి

ఇంటర్నెట్‌లోని సమీక్షల్లో కనిపించే ఉష్ణోగ్రతలు చాలావరకు 21 నుంచి 25 డిగ్రీలున్న చల్లని గదుల్లో తీసినవి. విశాఖలో మే నెల రాత్రి పదింటికి, కిటికీలు తెరిచి ఉన్నా, మేడ మీది గదిలో 33 డిగ్రీలు ఉండడం వింత కాదు. పగటి వేడి సముద్రం వల్ల కొంత తగ్గినా, అదే సముద్రం రాత్రిని కూడా పూర్తిగా చల్లబడనివ్వదు. కూలర్ ఏదైనా గది గాలితోనే పని చేస్తుంది కాబట్టి గది పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. జనవరిలో 25 డిగ్రీల గదిలో అప్‌గ్రేడ్ చేయించుకుని 80 చూసి సంతోషించినవారు ఏప్రిల్ చివర 89 చూసి కంగారుపడడానికి కారణం ఇదే. మారింది ప్రాసెసర్ కాదు, గది. అందువల్ల ప్రాసెసర్ ఉష్ణోగ్రతను విడిగా రాసుకోవద్దు. కేబినెట్ ముందు భాగంలో, గాలి లోపలికి వెళ్లే చోట ఒక మామూలు థర్మామీటర్ పెట్టి, గది కంటే ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలు ఎక్కువగా ఉందో రాసుకోండి. ఋతువు మారినా పోల్చుకోవడానికి పనికివచ్చే అంకె అదొక్కటే.

ఇక ప్రతి చిప్‌కూ తయారీదారు పెట్టిన గరిష్ఠ హద్దు ఒకటి ఉంటుంది. 5800ఎక్స్‌కు అది 90 డిగ్రీలు, 5600ఎక్స్‌కు 95, 7800ఎక్స్3డీకి 89. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లకు 100. ఏఎండీ 2022లో తెచ్చిన 7600ఎక్స్, 7700ఎక్స్, 7950ఎక్స్ వంటివి పూర్తి భారం పడినప్పుడు 95 డిగ్రీల దగ్గర నిలబడి పనిచేసేలాగే రూపొందాయి. వాటిలో 95 కనబడితే అది జబ్బు లక్షణం కాదు. హద్దును తాకగానే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే యంత్రం ఆగిపోతుంది. కాబట్టి ఒక సాయంత్రం 90 చూసినంత మాత్రాన చిప్ కాలిపోదు. మీరు నష్టపోయేది వేగం, భరించవలసింది ఫ్యాన్ చప్పుడు.

కొలవడం

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌ను తయారీదారు సైట్ నుంచే దింపుకుని, సెన్సార్లు మాత్రమే చూపే పద్ధతిలో తెరవండి. అందులో వందల వరుసలు కనిపిస్తాయి గాని మనకు కావలసినవి నాలుగే: ప్రాసెసర్ ఉష్ణోగ్రత (ఏఎండీలో టీసీటీఎల్ లేదా టీడై అనే వరుస, ఇంటెల్‌లో సీపీయూ ప్యాకేజ్ అనే వరుస), ప్రాసెసర్ వాడుతున్న వాట్లు, కోర్‌ల వేగం, కూలర్ ఫ్యాన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో తెలిపే అంకె. బయాస్ తెర మీద కనిపించే ఉష్ణోగ్రతను పట్టించుకోవద్దు. అక్కడ ప్రాసెసర్‌కు విశ్రాంతి స్థితులు పనిచేయవు కాబట్టి విండోస్‌లో ఖాళీగా ఉన్నప్పటి కంటే ఎక్కువే చూపిస్తుంది.

మొదట యంత్రాన్ని ఆన్ చేసి, ఏమీ తెరవకుండా ఓ పావుగంట వదిలేయండి. ఖాళీగా ఉన్నప్పుడు టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం ఐదారు శాతానికి దిగకపోతే వేడికి మూలం కూలర్‌లో లేదు. కొత్తగా విండోస్ వేసి ఉంటే ఫైళ్ల సూచిక తయారీ, అప్‌డేట్లు కొన్ని గంటలపాటు నడుస్తాయి. వాటిని పూర్తి కానివ్వండి. ఎక్కడెక్కడి నుంచో దింపుకున్న ఉచిత ఆటల వెంట క్రిప్టో నాణేల మైనింగ్ చేసే దొంగ ప్రోగ్రామ్‌లు వచ్చి కూర్చోవడం కూడా ఉన్నదే. టాస్క్ మేనేజర్ తెరిచి ఉన్నంతసేపు బుద్ధిగా ఉండి, మూయగానే పని మొదలుపెట్టేవి కూడా వాటిలో ఉన్నాయి కాబట్టి దాన్ని మూసి, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వాట్లు ఎలా మారుతున్నాయో ఒక నిమిషం గమనించండి.

ఖాళీగా ఉన్నప్పుడు 33 డిగ్రీల గదిలో రైజెన్ చిప్ 45, 55 మధ్య ఎగిరెగిరి పడుతుండడం మామూలే. ఒక్క బ్రౌజర్ తెరిచినా పది డిగ్రీలు లేచి దిగుతుంది. చిన్న చిప్ మీద ఒక్కసారిగా భారం పడితే జరిగేది అదే.

తరువాత ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే సినీబెంచ్ ఆర్23 అనే ఉచిత పరీక్షా ప్రోగ్రామ్‌ను అన్ని కోర్‌ల మీద పది నిమిషాలు నడపండి. చివరి రెండు నిమిషాల అంకెలు కాగితం మీద రాసుకోండి. అలాంటిదే అయిన ప్రైమ్95ను ఈ పనికి వాడవద్దని నా సలహా; అది వేసే భారం మీ రోజువారీ పనిలో ఎప్పుడూ రాదు, కనిపించే అంకెలు భయపెట్టడానికి తప్ప దారి చూపించడానికి పనికిరావు.

అంకెలు ఏం చెబుతున్నాయి

5800ఎక్స్ పెట్టె మీద 105 వాట్లని ఉన్నా, మదర్‌బోర్డు దానికి అనుమతించే అసలు హద్దు 142 వాట్లు. అదే పాత 2600కు పెట్టె మీద 65, అసలు హద్దు 88. అంటే పాత కూలర్‌కు అప్పగించిన పని దాదాపు ఒకటిన్నర రెట్లు దాటింది. పరీక్షలో వాట్లు 142 మించి కనిపిస్తే బోర్డు హద్దులు సడలించిందని అర్థం. వాట్లు 100 దగ్గరే ఆగిపోయి ఉష్ణోగ్రత మాత్రం 90కి అతుక్కుని ఉంటే, ఆ కూలర్ ఈ గదిలో మోయగలిగిన బరువు ఆ 100 వాట్లే. వేగం 3.8 గిగాహెర్ట్జ్ కంటే కిందికి కూడా పోతుంటే, అంటే ఆ చిప్ కనీస వేగం కూడా నిలవకపోతే, పరిస్థితి తీవ్రంగా ఉన్నట్టే.

ఇంటెల్ వారికి కూడా ఇదే లెక్క. ఐ5 12400 పెట్టె మీద 65 వాట్లు, భారం పడినప్పుడు వెళ్లగల టర్బో హద్దు 117. ఐ7 12700కు పెట్టె మీద అదే 65, టర్బోలో 180. ఐ9 13900కే అయితే 253 వరకు వెళుతుంది. పెట్టె మీది చిన్న అంకెను నమ్మి కూలర్ ఎంచుకున్నవారు ఇక్కడే దెబ్బతింటారు.

వాట్ల తరువాత చూడవలసింది వేడి ఎక్కే తీరు. పరీక్ష మొదలైన రెండు మూడు సెకన్లలోనే 90కి దూకి, ఆపిన మరుక్షణం 55కి పడిపోతే, వేడి చిప్ దగ్గరే చిక్కుకుంటోందని, కూలర్‌లోని లోహపు రేకుల దిమ్మ అయిన హీట్‌సింక్‌లోకి సరిగ్గా దిగడం లేదని అనుమానించాలి. 75 దగ్గర మొదలై పది నిమిషాల పాటు మెల్లగా ఎక్కుతూ పోతే వేడి హీట్‌సింక్‌లోకి చేరుతోంది గాని కేబినెట్ లోపలి గాలి బయటికి పోవడం లేదు. రైజెన్ చిప్‌లు సహజంగానే త్వరగా ఎగురుతాయి కాబట్టి ఈ ఒక్క లక్షణంతో తీర్పు చెప్పకుండా, తరువాతి రెండు పరీక్షలు కూడా చేయండి.

చేయి పెట్టి చూడడం, తలుపు తీసి చూడడం

పది నిమిషాల పరీక్ష ముగిసిన వెంటనే యంత్రాన్ని ఆపి, ప్లగ్గు తీసి, పక్క ప్యానెల్ విప్పి, ఫ్యాన్ పూర్తిగా ఆగిన తరువాత హీట్‌సింక్ రేకుల అంచును, నిలువుగా ఎత్తైన టవర్ కూలర్ అయితే దిగువన కనిపించే రాగి గొట్టాలను వేలితో జాగ్రత్తగా తాకండి. తెర మీద 90 చూపించిన యంత్రంలో హీట్‌సింక్ గోరువెచ్చగా మాత్రమే ఉందంటే చిప్‌కూ కూలర్‌కూ మధ్య ఒప్పందం కుదరలేదు. పేస్ట్, బిగింపు చూడాలి. వేలు నిలపలేనంత వేడిగా ఉంటే వేడి బాగానే ఎక్కుతోంది, దాన్ని తీసుకుపోయే గాలే చాలడం లేదు. పరికరం ఏదీ అవసరం లేని ఈ పరీక్షకు నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇస్తాను.

రెండవది ఇంకా తేలిక. యంత్రం చల్లబడిన తరువాత పక్క ప్యానెల్ తీసి ఉంచి, అదే పది నిమిషాల పరీక్ష మళ్లీ నడపండి. ఉష్ణోగ్రత ఎనిమిది, పది డిగ్రీలు తగ్గితే లోపం కేబినెట్ గాలిలో ఉంది. ఒకటి రెండు డిగ్రీల తేడాయే వస్తే గాలి సంగతి పక్కన పెట్టి బయాస్, కూలర్ వైపు వెళ్లండి. ఎంత బాగా తగ్గినా ప్యానెల్ తీసే వాడుకుందామనుకోవద్దు. ఆ వెసులుబాటు నెల తిరగకుండానే దుమ్ముగా లోపల పేరుకుంటుంది, పిల్లలున్న ఇంట్లో ప్రమాదం కూడా.

బయాస్‌లో చేయవలసినవి

బోర్డు తయారీదారు సైట్‌లో మీ నమూనాకు వచ్చిన తాజా బయాస్ చూడండి. పాత బీ450 బోర్డుల్లో 5000 వరుస చిప్‌లు గుర్తించబడడానికే కొత్త బయాస్ కావాలి కాబట్టి మీ దుకాణదారు ఏదో ఒకటి వేసే ఉంటారు, కాని అది తాజాది కాకపోవచ్చు. అప్‌డేట్ సమయంలో కరెంటు పోతే బోర్డు మూలన పడుతుంది. యూపీఎస్ లేకుండా, ముఖ్యంగా ఈదురుగాలులు వీచే రోజుల్లో, ఈ పని పెట్టుకోవద్దు. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీని ముందే వేరే చోట రాసుకోండి, బయాస్ మారాక అది అడిగే అవకాశం ఉంది.

బయాస్‌లోకి వెళ్లి ముందు ఆప్టిమైజ్డ్ డీఫాల్ట్స్ ఎంచుకుని, సేవ్ చేసి, మళ్లీ లోపలికి వచ్చి ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ మాత్రం ఆన్ చేయండి. పాత ప్రాసెసర్ కోసం ఎవరో పెట్టిన స్థిరమైన వోల్టేజీ కొత్త చిప్ నెత్తిన పడి ఉంటే ఈ ఒక్క పనితోనే అది పోతుంది. తరువాత విద్యుత్ హద్దులను సడలించే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ అనే అమరికను ఆటో నుంచి డిజేబుల్‌కు మార్చండి. ఇంటెల్ బోర్డుల్లో దీనికి సమానమైనది మల్టీ కోర్ ఎన్‌హాన్స్‌మెంట్, లేదా అలాంటి మరో పేరు. దాన్ని ఆపి, దీర్ఘకాల, స్వల్పకాల విద్యుత్ హద్దులు రెండూ ఇంటెల్ చెప్పిన అంకెలకు సరిపోయేలా పెట్టండి. కొన్ని బోర్డులు ఆ గడిలో 4096 వాట్లు రాసి పెడతాయి, అంటే హద్దే లేదని. మీది ఇంటెల్ 13, 14 తరాల చిప్ అయితే 2024 సెప్టెంబరు తరువాత వచ్చిన బయాస్ తప్పనిసరి; అంతకు ముందున్నవి కొన్ని పరిస్థితుల్లో అవసరానికి మించిన వోల్టేజీ అడిగి చిప్‌నే దెబ్బతీసేవి. ఆ లోపం వల్లే ఇంటెల్ ఆ తరాల్లో దెబ్బతినే అవకాశమున్న పెట్టె చిప్‌లకు వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది.

ఇంత చేసినా వేడి తగ్గకపోతే ఏఎండీలో ఈకో మోడ్ ఉంది. 105 వాట్ల చిప్‌ను 65 వాట్ల తరగతికి దించితే అసలు హద్దు 142 నుంచి 88కి వస్తుంది. ఫ్యాన్ వేగం మారకపోతే గది మీద పెరిగే డిగ్రీలు వాట్లకు దాదాపు అనుపాతంలో ఉంటాయి. 33 డిగ్రీల గదిలో 142 వాట్లకు 90 చూపే యంత్రం గది కంటే 57 ఎక్కువలో ఉంది. 88 వాట్లకు ఆ పెరుగుదల దాదాపు 35కి దిగుతుంది, అంటే 68 డిగ్రీలు. ఆటల్లో ఈ మార్పు చాలామంది గుర్తించలేరు, ఎందుకంటే ఆటలు అన్ని కోర్‌లనూ ఒకేసారి పూర్తిగా వాడవు. రోజంతా వీడియోలు రెండర్ చేసేవారికి మాత్రం సమయం పెరుగుతుంది. మే, జూన్ నెలల్లో ఈకో మోడ్ పెట్టుకుని, వానలు పడ్డాక తీసేయడం విశాఖలో తెలివైన పనే.

వేగం వదులుకోవడం ఇష్టం లేనివారికి చిప్ వోల్టేజీని మెట్లు మెట్లుగా తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ ఉంది. అన్ని కోర్‌లకు నెగెటివ్ 10తో మొదలుపెట్టి, కొన్ని రోజులు వాడి, ఆ తరువాత 15కి వెళ్లండి. 30 పెట్టి బాగానే నడుస్తోందని చెప్పేవారి మాట వినవద్దు. వోల్టేజీ మరీ తగ్గిన యంత్రం భారం ఉన్నప్పుడు కాకుండా, ఖాళీగా ఉన్నప్పుడు, మీరు టీ తాగడానికి లేచి వెళ్లినప్పుడు రీస్టార్ట్ అవుతుంది. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ పేరుతో హార్డ్‌వేర్ తప్పులు కనిపిస్తే వెంటనే ఐదు మెట్లు వెనక్కి రండి.

కూలర్ విప్పి మళ్లీ బిగించడం

చేతి పరీక్షలో హీట్‌సింక్ గోరువెచ్చగా తేలినవారికి ఈ భాగం. కావలసినవి ఒక స్టార్ స్క్రూడ్రైవర్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు పోగులు రాలని గుడ్డ, మంచి థర్మల్ పేస్ట్. ఇంట్లో మిగిలిన శానిటైజర్ వాడవద్దు. అందులోని గ్లిజరిన్ లోహం మీద పొరగా మిగిలిపోతుంది. ట్రాన్సిస్టర్లకు పూసే తెల్లటి హీట్‌సింక్ కాంపౌండ్ చవకగా దొరుకుతుంది గాని 142 వాట్ల చిప్‌కు అది చాలదు. ద్రవలోహం జోలికి అసలు పోవద్దు: అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, చుక్క జారి బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది.

ఏఎం4 సాకెట్ బోర్డు (మన బీ450 ఆ రకానిదే) వారు ముందుగా యంత్రాన్ని పది నిమిషాలు భారం మీద నడిపి, ఆపి, ప్లగ్గు తీసి, వెచ్చగా ఉండగానే పని మొదలుపెట్టాలి. ఈ చిప్‌ల పిన్నులు చిప్‌కే ఉంటాయి. పేస్ట్ ఎండి గట్టిపడి ఉంటే, కూలర్‌ను నిటారుగా పైకి లాగినప్పుడు సాకెట్ తాళం పడి ఉన్నా చిప్ కూడా దానితోపాటు ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. అందువల్ల స్క్రూలన్నీ విప్పాక కూలర్‌ను ఎడమకు, కుడికి కొద్ది కొద్దిగా తిప్పుతూ, పట్టు వదిలిందని చేతికి తెలిసిన తరువాతే ఎత్తండి. స్టెల్త్ కూలర్ నాలుగు స్క్రూలు బోర్డు వెనకనున్న లోహపు పలకను పట్టి ఉంచుతాయి, అవి విప్పగానే ఆ పలక వెనక్కి జారిపోతుంది. కేబినెట్‌ను పడుకోబెట్టి, వెనక నుంచి ఒక చేత్తో పలకను పట్టుకుని విప్పాలి. దాని తరువాత వచ్చిన ఏఎం5లో ఆ పలక సాకెట్‌తో కలిసే ఉంటుంది, ఈ బాధ లేదు.

ఇప్పుడు కూలర్ అడుగు, చిప్ పైభాగం రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పాత పేస్ట్ రెండిటి మీదా పలుచగా, అంతటా ఒకేలా అంటుకుని ఉండాలి. ఒక మూల మెరిసే లోహం కనిపిస్తే అక్కడ పేస్ట్ చేరలేదు. ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలుచగా ఉంటే స్క్రూలు సమంగా బిగించలేదు. అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉండిపోయి, దాని అంచు వేడికి ముడుచుకుని కనిపించడం కూడా జరుగుతుంటుంది. హడావిడిగా బిగించిన యంత్రాల్లో ఇది ఊహించినంత అరుదు కాదు.

రెండు ఉపరితలాలనూ గుడ్డకు రంగు అంటనంత వరకు తుడిచి, ఆల్కహాల్ ఆరనివ్వండి. రైజెన్ చిప్‌లో వేడి పుట్టే ముక్క సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. అందువల్ల మధ్యలో ఒక్క బొట్టు పెట్టి సరిపెట్టుకోకుండా, మధ్యలో బఠాణీ గింజలో సగమంత బొట్టు, నాలుగు మూలలకు చేరువగా ఇంకా చిన్న బొట్లు నాలుగు పెట్టండి. పేస్ట్ ఎక్కువైతే ఒత్తిడికి పక్కలకు పోతుంది, మామూలు పేస్ట్ విద్యుత్తును ప్రసరించదు కాబట్టి ప్రమాదం లేదు, తక్కువైతేనే ఇబ్బంది. కూలర్‌ను ఒక్కసారే నిటారుగా దించి, ఎదురెదురు మూలల స్క్రూలను రెండేసి చుట్లు చొప్పున మార్చి మార్చి బిగించాలి. ఒక స్క్రూను పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే పేస్ట్ అంతా ఒక వైపుకు నెట్టుకుపోతుంది.

ఇంటెల్ పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ పిన్నుల కూలర్‌ది వేరే తంతు. పిన్ను మీద చెక్కిన బాణం విప్పడానికి తిప్పవలసిన దిశను చూపుతుంది, బిగించడానికి కాదు. ముందు నాలుగింటినీ బాణానికి ఎదురుదిశలో చివరి వరకు తిప్పి, ఎదురెదురుగా ఉన్న రెండు పిన్నులను ఒకేసారి టిక్కుమనే వరకు నొక్కి, తరువాత మిగతా రెండూ నొక్కాలి. చివరలో బోర్డు వెనక నుంచి చూసి నాలుగు తెల్లటి కొసలూ పూర్తిగా బయటికి వచ్చాయో లేదో సరిచూడండి. పాత ఇంటెల్ యంత్రం కూలర్‌ను 12వ తరం బోర్డుకు వాడేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: ఎల్‌జీఏ1700 బోర్డుల్లో రంధ్రాల మధ్య దూరం 78 మిల్లీమీటర్లు, అంతకు ముందువాటిలో 75. దానికి తగిన బిగింపు సామాను కూలర్ తయారీదారు నుంచి తెప్పించుకోవాలి తప్ప వంచి, లాగి సరిపెట్టకూడదు.

ఫ్యాన్ తీగను బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే పెట్టండి. కేబినెట్ ఫ్యాన్ల చోట పెడితే చాలా బోర్డుల్లో అది ప్రాసెసర్ వేడిని కాక బోర్డు వేడిని చూసి తిరుగుతుంది, అది ఎప్పుడూ నెమ్మదిగానే ఉంటుంది. నీటి కూలర్ అయితే పంపు ఎల్లవేళలా పూర్తి వేగంతో నడవాలి, రేడియేటర్ కంటే పంపు ఎత్తులో ఉండకూడదు.

ఉప్పు గాలి, నల్లటి ధూళి, టేబుల్ అర

ప్యానెల్ తీయగానే ఉష్ణోగ్రత బాగా తగ్గినవారి సంగతి ఇది. ముందు కేబినెట్ ఎక్కడుందో చూడండి. మన ఇళ్లలోని కంప్యూటర్ టేబుళ్లకు కేబినెట్ కోసమే ఒక అర ఉంటుంది. మూడు పక్కలా చెక్క, వెనక గోడ. వెనక నుంచి వెళ్లిన వేడిగాలి ముందు నుంచి మళ్లీ లోపలికే వస్తుంది. ఏసీ 26లో పెట్టినా ఆ అరలో అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. బయటికి తీసి, నేలకు కొంచెం ఎత్తులో, గోడకు కనీసం ఒక జానెడు దూరంలో పెడితే చాలు.

పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో దుమ్ము పొడిగా రాలదు. ఉప్పు తేమతో కలిసి హీట్‌సింక్ రేకుల మధ్య మెత్తటి పట్టీలా అంటుకుంటుంది. బ్లోయర్ ఊదితే పైపైన లేచి, లోపల అలాగే మిగులుతుంది. టార్చి వేసి రేకుల సందుల్లోంచి అవతలి వెలుగు కనిపిస్తోందో లేదో చూస్తేనే తెలుస్తుంది. కూలర్ విప్పి, ఫ్యాన్ వేరు చేసి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో రేకుల పొడవునా దులిపి, ఆ తరువాత బ్లోయర్ వాడాలి. రేవు వైపు, జ్ఞానాపురం, పాతపట్నం పరిసరాల్లో కిటికీ అంచులను నల్లగా చేసే సన్నటి ధూళి ఫిల్టర్ జాలీలను త్వరగా మూసేస్తుంది. అక్కడ నెలకోసారి ఫిల్టర్ కడిగి, పూర్తిగా ఆరబెట్టి తిరిగి పెట్టడం మంచిది. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి అది విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

ఫ్యాన్ల దిశ కూడా సరిచూడండి. ఫ్యాన్ చట్రానికి అడ్డుపుల్లలు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, టవర్ కూలర్ ఫ్యాన్ వెనక వైపుకు నెట్టేలా ఉంటే చాలు; అంతకంటే ఎక్కువ ఫ్యాన్లు రంగుల దీపాల కోసమే. ప్రాసెసర్‌తోపాటు గ్రాఫిక్స్ కార్డు కూడా మార్చి ఉంటే ఆటల్లో కనిపించే వేడిలో దాని వాటా పెద్దది. 170 వాట్ల కార్డు తన వేడినంతా కేబినెట్‌లోనే వదులుతుంది, ప్రాసెసర్ కూలర్ పీల్చేది ఆ గాలినే. సినీబెంచ్‌లో 78 ఉండి ఆటలో 85 కనిపిస్తే వెనక ఫ్యాన్ వేగం పెంచి చూడండి.

కొత్త కూలర్ కొనవలసి వస్తే

మన ఉదాహరణలోని యంత్రానికి కొనక తప్పదు, ఈకో మోడ్‌తో సరిపెట్టుకుంటే తప్ప. స్టెల్త్ 65 వాట్ల తరగతికి చేసిన కూలర్. 5800ఎక్స్‌కు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, నాలుగు హీట్‌పైపులు ఉన్న టవర్ కూలర్ సరిపోతుంది, నీటి కూలర్ అక్కరలేదు. కొనే ముందు కేబినెట్ తయారీదారు చెప్పిన గరిష్ఠ కూలర్ ఎత్తు చూసుకోండి. ఇలాంటి టవర్లు 150 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, సన్నటి ఆఫీసు కేబినెట్లలో పట్టవు. ఎత్తైన ర్యామ్ ఉంటే ఫ్యాన్ దానికి తగులుతుందేమో కూడా కొలవండి. ఇంకా ప్రాసెసర్ కొనని వారికి ఒక మాట: 5700ఎక్స్‌కు కూడా అవే ఎనిమిది కోర్‌లు, విద్యుత్ హద్దు 76 వాట్లు మాత్రమే. మన వేసవికి అదే నయం.

మళ్లీ కొలిచేటప్పుడు

ఏ మార్పు చేసినా ఒక్కటి చేసి, అదే గదిలో, అదే పది నిమిషాల పరీక్ష పెట్టి రాసుకోండి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు, రేపు మళ్లీ పెరిగితే ఎక్కడ వెతకాలో కూడా తెలియదు. మే నెలలో 33 డిగ్రీల గదిలో సినీబెంచ్ కింద 82, ఆటలో 72 కనిపిస్తున్న 5800ఎక్స్‌ను ఇక కదపవద్దు. ఫ్యాన్ ప్రతి చిన్న ఎగురుడుకూ హోరెత్తుతుంటే బయాస్‌లో 60 డిగ్రీల వరకు సగం వేగం, 80 దగ్గర పూర్తి వేగం పెట్టి, మార్పుకు కొన్ని సెకన్ల ఆలస్యం ఇవ్వండి.

వాట్లు హద్దులో ఉండి, పేస్ట్ సరిగా ఉండి, ప్యానెల్ తీసినా, తగిన కూలర్ పెట్టినా గది మీద పెరుగుదల 57 డిగ్రీల కంటే తగ్గకపోతే కూలర్ అడుగు వంకరగా ఉండడమో, హీట్‌పైపు చెడిపోవడమో జరిగి ఉండవచ్చు. అదే కూలర్‌ను వేరే యంత్రం మీద పెట్టి చూస్తే అది తేలిపోతుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలోని లాగ్ సౌకర్యంతో పది నిమిషాల పరీక్షను ఫైల్‌గా భద్రపరచి, గది ఉష్ణోగ్రత రాసి, బిల్లుతోపాటు తీసుకువెళ్లండి. పెట్టెలో వచ్చిన ప్రాసెసర్‌కు మూడేళ్ల వారంటీ ఉంటుంది, పెట్టె లేకుండా విడిగా అమ్మిన ట్రే చిప్‌కు తయారీదారు వారంటీ మీకు నేరుగా వర్తించదు, ఆ బాధ్యత అమ్మినవారిదే. అందుకని చిప్ మీది అక్షరాలు చెరిగిపోయేలా గీకకుండా, పేస్ట్‌ను మాత్రం తుడిచి ఇవ్వండి.